వారసులు పంచుకోని పింగాణీ: మూడో సాలార్‌జంగ్ కథ

ఆవకాయ జాడీ చూడని పిల్లలు కొడల తెలుగు ఇళ్లలో అరుదు. ఆ జాడీకి దూరపు చుట్టం లాంటిది సూప్ ట్యూరీన్. యూరపు విందుల్లో బల్ల మీద పెట్టే పెద్ద మూతగిన్నె అది. మట్టిపాత్ర అనే అర్థమున్న ఫ్రెంచి మాట నుంచి ఆ పేరు వచ్చింది. దాని చుట్టూ అదే రంగు, అదే పువ్వు ఉన్న పళ్లాలు, చిన్న గిన్నెలు అన్నీ కలిస్తేనే డిన్నర్ సెట్టు.

చైనాలో వెయ్యేళ్లకు పైగా తెలిసిన పింగాణీ గుట్టు యూరపుకు 1708లో గానీ చిక్కలేదు. 1710లో జర్మనీలోని మైసెన్‌లో కార్ఖానా వెలిసింది. 1737–41 మధ్య అక్కడ కౌంట్ బ్రూల్ కోసం చేసిన హంసల సెట్టులో రెండు వేలకు పైగా వస్తువులుండేవి. కాలక్రమంలో అది చెదిరిపోయింది. మిగిలిన ముక్కలు ఇప్పుడు అనేక చోట్ల ఉన్నాయి.

అలా చెదరకుండా నిలిచిన సంపద మన హైదరాబాదులో ఉంది. దాన్ని కూడబెట్టినవారు మూడో సాలార్‌జంగ్, మీర్ యూసుఫ్ అలీ ఖాన్. ఆయన 1889 జూన్‌లో పుణెలో పుట్టారు. నెల తిరక్కముందే తండ్రి పోయారు. తాత మొదటి సాలార్‌జంగ్ ముప్పై ఏళ్లు నిజాం రాజ్యానికి దివాన్‌గా ఉన్నవారు. మనవడికీ 1912లో, ఇరవై మూడేళ్లకే, ఆ పదవి దక్కింది. రెండేళ్లకే దాన్ని వదులుకుని, మిగిలిన జీవితమంతా కళావస్తువుల సేకరణకే ఇచ్చేశారు. సెవ్ర్, డ్రెస్డెన్, వెడ్జ్‌వుడ్ పాత్రలు, చైనా, జపాన్ పింగాణీ, చేతిరాత గ్రంథాలు, గడియారాలు, బొమ్మలు ఆయన దివాన్ దేవిడీకి చేరాయి.

ఆయన పెళ్లి చేసుకోలేదు. 1949 మార్చి 2న కన్నుమూసేనాటికి సంతానం లేదు. బంధువులు పంచుకుంటే గిన్నె ఒకరికి, మూత ఒకరికి పోయేదే. అలా కాలేదు. 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడీలోనే నెహ్రూ మ్యూజియం ప్రారంభించారు. 1958లో హైకోర్టు ద్వారా కుదిరిన రాజీతో కుటుంబం సేకరణనంతా భారత ప్రభుత్వానికి అప్పగించింది. 1961లో పార్లమెంటు చట్టం దానికి జాతీయ ప్రాముఖ్యత ఇచ్చింది. 1968 నుంచి మూసీ ఒడ్డున ఇప్పటి భవనంలో ఉంది.

నవాబు బల్ల మీది పళ్లెం ఇప్పుడు టికెట్టు కొన్న ఎవరైనా చూడవచ్చు. బరంపురంలో ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ ఎక్కితే సికింద్రాబాదు చేరతాం. పిల్లలతో వెళ్లే తల్లిదండ్రులు ఒకపూట ఆ మ్యూజియానికి కేటాయించమని మా మనవి. ఏ సెట్టులో ఎన్ని పాత్రలున్నాయో పిల్లల చేత లెక్క పెట్టించి, తెలుగులో నాలుగు వాక్యాలు రాయించండి.

తరగతిలో మేము రోజూ చూసేది ఇదే: ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడే పిల్లలు పుస్తకం తెరిస్తే తడబడతారు. ఇంటి తెలుగు, బడి తెలుగు ఒకే సెట్టులోని గిన్నె, మూత. రెండూ కలిసి ఉంటేనే అది నిలుస్తుంది. సాలార్‌జంగ్ వారసులు చేసిన పని మన చేతిలోనూ ఉంది.