కంప్యూటర్ లేని రోజుల్లో రాళ్ల లెక్క

భూగర్భంలో ఏ ఉష్ణోగ్రత, ఎంత ఒత్తిడి వద్ద ఏ ఖనిజం నిలుస్తుందో ఇప్పుడు థెర్మోకాల్క్, పెర్‌ప్లెక్స్ వంటి సాఫ్ట్‌వేర్లు లెక్కగట్టి చెబుతున్నాయి. అలాంటి లెక్కను 1912లోనే చేత్తో చేసినవారు విక్టర్ గోల్డ్‌ష్మిట్. కాల్సైట్, క్వార్ట్జ్ కలిసి వోలాస్టోనైట్‌గా మారి కార్బన్ డయాక్సైడ్‌ను వదిలే ఉష్ణోగ్రత, ఒత్తిడిని బట్టి ఎలా పెరుగుతుందో ఆయన గీత గీసి చూపారు. హార్కర్, టటిల్ అదే చర్యను ప్రయోగశాలలో కొలిచి ప్రచురించింది 1956లో. అప్పటికి ఆయన లేరు.

1888లో జ్యూరిక్‌లో యూదు కుటుంబంలో పుట్టారు. రసాయన శాస్త్రవేత్త అయిన తండ్రి ఉద్యోగరీత్యా నార్వే చేరారు. డాక్టరేట్ 23 ఏళ్లకే. మాగ్మా వేడికి మారిపోయిన ఓస్లో ప్రాంతపు రాళ్లు గిబ్స్ ప్రావస్థా నియమానికి లోబడే ఉన్నాయని అందులో తేల్చారు. గిబ్స్ సూత్రాలే నేటి సాఫ్ట్‌వేర్లకూ ఆధారం.

1929లో జర్మనీలోని గట్టింగెన్ విశ్వవిద్యాలయానికి వెళ్లారు. నాజీల యూదు ద్వేషం భరించలేక 1935లో రాజీనామా చేసి ఓస్లో తిరిగొచ్చారు. ఆ ద్వేషం అక్కడికీ వచ్చింది. 1942 నవంబర్ 26న ఆష్విట్జ్‌ బందీలను తీసుకెళ్లే డోనావ్ నౌక ఎక్కాల్సిన ఆయనను రేవులోనే వెనక్కి పిలిచారు. ఆయన విజ్ఞానం దేశానికి అవసరమని సహచరులు చేసిన వాదనే కాపాడింది. అలా చెప్పేవారు లేని 532 మంది నౌక ఎక్కారు. బతికి వచ్చినవారిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

స్వీడన్ మీదుగా బ్రిటన్ చేరిన గోల్డ్‌ష్మిట్, చెడిన ఆరోగ్యంతో 1946లో ఓస్లో తిరిగొచ్చి మరుసటి మార్చిలో 59వ ఏట మరణించారు. అసంపూర్తిగా మిగిలిన ఆయన ‘జియోకెమిస్ట్రీ’ గ్రంథం 1954లో అచ్చయింది.