జాన్ పోస్టెల్: ఇంటర్నెట్‌లో గీత గీసిన మనిషి

సూరత్ వజ్రాల వ్యాపారి ఆంట్వెర్ప్‌కు పంపే ఈమెయిల్ చిన్న ప్యాకెట్లుగా విడిపోయి ఎన్నో రౌటర్లు దాటుతుంది. ప్రతి రౌటరూ ప్యాకెట్ ముందుభాగమైన హెడర్‌లో చిరునామా చూసి, ముందుకు పంపుతుంది. రౌటర్ పని అంతవరకేనా? ఈ చర్చకు దారి చూపినవారిలో జాన్ పోస్టెల్ ఒకరు.

1943లో కాలిఫోర్నియాలో పుట్టిన పోస్టెల్, 1974లో యూసీఎల్ఏలో డాక్టరేట్ పొందారు. అప్పట్లో ప్యాకెట్‌కు దారి చూపడం, పోయినదాన్ని మళ్లీ పంపడం రెండూ టీసీపీలోనే కలగలిసి ఉండేవి. 1977లో ఆయన దీన్ని తప్పుపట్టారు. దారిలోని యంత్రాల పని వేరు, రెండు చివరల ఉన్న కంప్యూటర్ల పని వేరన్నది ఆయన వాదన. 1978లో టీసీపీ నుంచి ఐపీ విడిపోయింది. 1981 సెప్టెంబరులో ఆయన సంపాదకత్వంలో వెలువడిన ఐపీ ప్రమాణం, కనీసం 20 బైట్లుండే హెడర్‌ను నిర్దేశించింది.

1998 అక్టోబరు 16న, 55 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు. ఆయన గీసిన గీత ఆ తర్వాత మసకబారింది. ఫైర్‌వాల్‌లు, డీప్ ప్యాకెట్ ఇన్‌స్పెక్షన్ పరికరాలు హెడర్ దాటి లోపలికీ తొంగిచూస్తున్నాయి. లోపల ఏముందో తెలిస్తే, దేన్ని ఆపాలో, దేనికి వేగం ఇవ్వాలో కంపెనీలు నిర్ణయించగలవు. 2018లో నెట్ న్యూట్రాలిటీ నిబంధనలను ఆమోదించినప్పుడు భారత ప్రభుత్వం ముందున్నదీ ఈ ప్రశ్నే.