నీలిరంగుకు చిక్కిన క్షయ క్రిమి

పొదటూరుపేట పిల్లలకు రంగుల గురించి ఒకరు చెప్పనవసరం లేదు. మగ్గం ఉన్న ఇంట్లో పెరిగినవాళ్లకు ఏ రంగు నూలును గట్టిగా పట్టుకుంటుందో, ఏది మొదటి ఉతుకుకే దిగిపోతుందో తెలుసు. క్షయ క్రిమి మొదటిసారి మనిషి కంటికి చిక్కింది అలాంటి రంగు వల్లనే. దాన్ని పట్టిన వైద్యుడు రాబర్ట్ కోఖ్.

ఆయన 1843 డిసెంబర్ 11న జర్మనీలో క్లౌస్‌తాల్ అనే గనుల ఊళ్లో పుట్టారు. తండ్రి గనుల అధికారి. పదమూడుమంది సంతానంలో ఈయన మూడోవారు. గోటింగెన్‌లో వైద్యం చదివి, 1872లో వోల్‌స్టైన్ అనే చిన్న ఊరికి ప్రభుత్వ వైద్యుడిగా వెళ్లారు. ఆ ఊరు ఇప్పుడు పోలండ్‌లో ఉంది. అక్కడ ప్రయోగశాల లేదు, సలహా చెప్పే పెద్దలు లేరు. ఇంట్లోనే సూక్ష్మదర్శిని పెట్టుకుని, రోగులను చూడగా మిగిలిన వేళల్లో పరిశోధన చేశారు. పశువులను చంపే దొమ్మ రోగం ఫలానా క్రిమి వల్లే వస్తుందని 1876లో నిరూపించారు. 1880లో బెర్లిన్ నుంచి పిలుపు వచ్చింది.

ఆ రోజుల్లో ఐరోపాలో ప్రతి ఏడు చావుల్లో ఒకటి క్షయ వల్లేనని లెక్క. అది వంశంలో వచ్చే జబ్బని చాలామంది నమ్మేవారు. క్రిమి ఉంటే కనబడాలి కదా? కనబడలేదు. ఈ క్రిమి ఒంటిపై మైనం లాంటి పొర ఉంటుంది, మామూలు రంగులు దానికి అంటవు. కోఖ్ మిథిలీన్ బ్లూ అనే నీలిరంగులో కొంచెం క్షారం కలిపి, రోగి కండ ముక్కను అందులో ఒక రోజంతా నానబెట్టారు. ఆపైన గోధుమ రంగు పట్టించారు. కండ అంతా గోధుమగా మారింది, సన్నని పుల్లల్లాంటి క్రిములు మాత్రం నీలంగా నిలిచాయి. అంతటితో ఆగలేదు. వాటిని గడ్డకట్టిన రక్తద్రవం మీద పెంచి, గినీ పందులకు ఎక్కించి, వాటిలోనూ క్షయ రప్పించి చూపారు. 1882 మార్చి 24న బెర్లిన్‌లో ఈ సంగతి వెల్లడించారు. మార్చి 24 ప్రపంచ క్షయ దినం అయింది అందుకే.

తర్వాత ఎర్లిక్, జీల్, నీల్సన్ ఈ అద్దకాన్ని మెరుగుపరిచారు. ఆమ్లంతో కడిగినా క్షయ క్రిమి పట్టిన రంగును వదలదు. గట్టి రంగు అంటే అదీ!

క్షయ ఊపిరితిత్తులకే వస్తుందనుకుంటాం. అరుదుగా స్త్రీల రొమ్ముకూ వస్తుంది. 1829లోనే ఆస్ట్లీ కూపర్ అనే ఆంగ్లేయ వైద్యుడు దాన్ని వర్ణించారు. కారణం చూసే దారి మాత్రం అప్పటికి లేదు. మా బంధువుల్లో ఒకామెకు రొమ్ములో గడ్డ లేచి చీము కారుతుంటే సిగ్గుతో నెలల తరబడి ఎవరికీ చెప్పలేదు. తెలిశాక ఇంటిల్లిపాదీ కేన్సర్ అని ఏడ్చారు. చిన్న ముక్క తీసి పరీక్షిస్తే క్షయ అని తేలింది. ఆరు నెలలు మాత్రలు మింగింది, ఇప్పుడు మగ్గం మీద కూర్చుంటోంది. అయితే రొమ్ము కండలో క్రిములు చాలా తక్కువగా ఉంటాయి, రంగు వేసినా తరచు దొరకవు. పెంచి చూడాలంటే వారాలు పడుతుంది. ఇప్పుడు క్రిమి జన్యువును గంటల్లో వెతికే పరీక్షలున్నాయి. క్షయ లేకుండానే అచ్చం అలాగే కనిపించే వాపు ఇంకొకటి ఉంది, దానికి క్షయ మాత్రలు పనిచేయవు. కాబట్టి ఊహతో కాదు, వెతికి తేల్చుకోవాలి.

కోఖ్ గారికీ తొందరపాటు తప్పలేదు. 1890లో ట్యూబర్‌క్యులిన్ అనే మందు క్షయను నయం చేస్తుందన్నారు. రోగులు బెర్లిన్‌కు పరుగెత్తారు. చాలామందికి నయం కాలేదు, కొందరు చనిపోయారు. అందులో ఏముందో ఆయన కొన్నాళ్లు దాచారు కూడా, అది నాకు నచ్చని సంగతి. మందుగా ఓడిన ఆ పదార్థమే తర్వాత పరీక్షగా నిలిచింది. ముంజేతి చర్మంలో సూదివేసి, రెండు మూడు రోజుల తర్వాత వాపు కొలుస్తారే, అది దాని వారసత్వమే.

1883 చివర ఆయన కలరాను వెతుకుతూ మన దేశానికి వచ్చారు. మరుసటి ఏడాది మొదట్లో కలకత్తాలో ఒక చెరువు నీళ్లలో ఆ క్రిమిని గుర్తించారు. 1905లో నోబెల్ బహుమతి అందుకున్నారు. 1910 మే 27న బాడెన్-బాడెన్‌లో కన్నుమూశారు. బెర్లిన్‌లో ఆయన పేరున్న పరిశోధన సంస్థలోనే ఆయన అస్థికలను ఉంచారు.