క్యాసెట్ పోయింది.. పని మిగిలింది

కోర్సు పూర్తయ్యేసరికే అది పాతబడిపోతుందేమోనని బెంగగా ఉందా? అయితే అకియో మొరిటా గురించి తెలుసుకోండి. సోనీ కంపెనీ పెట్టినవాళ్లలో ఒకరాయన. ఎంతో నమ్మి తెచ్చిన వస్తువు మార్కెట్లో ఓడిపోతే ఎలా ఉంటుందో దగ్గర్నుంచి చూశారు.

1921లో జపాన్‌లోని నగోయాలో పుట్టారు. ఇంట్లో తరతరాలుగా బియ్యంతో మద్యం చేసే వ్యాపారం. పెద్దకొడుకు కాబట్టి బాధ్యత ఆయనదే. కానీ మనసంతా ఫిజిక్స్ మీద. ఒసాకాలో అదే చదివారు. యుద్ధకాలంలో నౌకాదళంలో పనిచేస్తూ ఇంజినీరు మసారు ఇబుకాను కలిశారు. 1946లో ఇద్దరూ టోక్యోలో చిన్న కంపెనీ పెట్టారు. 1950లో టేప్‌రికార్డర్ తెస్తే కొనేవాళ్లే లేరు! ఫిజిక్స్ చదివిన మనిషి కోర్టులు, స్కూళ్ల చుట్టూ తిరిగి అమ్మకం నేర్చుకున్నారు. 1958లో కంపెనీ పేరు సోనీగా మారింది.

అసలు కథ 1975లో మొదలైంది. టీవీలో వచ్చేదాన్ని రికార్డు చేసుకుని, తీరిగ్గా చూసుకునే బీటామ్యాక్స్ యంత్రాన్ని సోనీ తెచ్చింది. బొమ్మ బాగుండేది. కానీ మొదట్లో క్యాసెట్ నిడివి గంటే. ఏడాదికి జేవీసీ కంపెనీ వీహెచ్‌ఎస్ తెచ్చింది. అందులో రెండు గంటలు, అంటే ఓ సినిమా పట్టేస్తుంది. పైగా జేవీసీ ఇతర కంపెనీల్నీ కలుపుకొంది. సోనీ కూడా వాళ్లను పిలిచింది, కాకపోతే అన్నీ తానే ఖరారు చేసుకున్నాక. దెబ్బ అక్కడే తగిలిందని నాకనిపిస్తుంది. యంత్రాలు ఎక్కువున్న చోటికే సినిమా క్యాసెట్లూ వెళ్లాయి. మీ అమ్మానాన్నల పెళ్లి క్యాసెట్ ఇంట్లో ఉంటే తీసి చూడండి, అది వీహెచ్‌ఎసే అయ్యుంటుంది.

ఈలోగా ఇంట్లో రికార్డు చేసుకోవడమే తప్పంటూ అమెరికాలో సినిమా కంపెనీలు కేసు వేశాయి. 1984లో సుప్రీంకోర్టులో 5-4 తేడాతో సోనీ గెలిచింది. అప్పటికే మార్కెట్ చేజారుతోంది. చివరికి 1988లో సోనీ కూడా వీహెచ్‌ఎస్ యంత్రాలు అమ్మడం మొదలుపెట్టింది. మొరిటాకు అదెంత చేదు మాత్రో ఊహించుకోండి.

అయితే ఆ పదమూడేళ్లూ ఆయన ఖాళీగా కూర్చోలేదు. 1979లో వాక్‌మన్ వచ్చింది. లోపలివాళ్లే సందేహించినా, దాన్ని పట్టుబట్టి తెచ్చింది మొరిటానే. 1982లో సీడీ వచ్చింది. ఈసారి సోనీ ఒంటరిగా వెళ్లలేదు, ఫిలిప్స్‌తో కలిసి ప్రమాణాలు తయారుచేసింది. అదే ఏడాది బీటామ్యాక్స్ సైజు క్యాసెట్‌తోనే టీవీ స్టేషన్ల కోసం బీటాక్యామ్ తెచ్చింది. ఇళ్లలో ఓడిన క్యాసెట్ న్యూస్‌రూముల్లో ఏళ్లతరబడి రాజ్యమేలింది. బ్రాండ్ పోయింది కానీ, టేపు మీద బొమ్మ ఎక్కించే పని తెలిసిన ఇంజినీర్ల చేతులు పోలేదుగా!

ఆయన వెనక పెద్ద కంపెనీ ఉంది, మాకేముంది అంటారా? నిజమే, మీకు పదమూడేళ్ల టైమ్ ఎవరూ ఇవ్వరు. అందుకే టూల్ పేరుతో పాటు దాని అడుగున ఉన్న పని కూడా పట్టుకున్నారా లేదా అన్నది ఇప్పుడే చూసుకోండి.

1993లో టెన్నిస్ ఆడుతుండగా మొరిటాకు పక్షవాతం వచ్చింది. 1999లో కన్నుమూశారు. బీటామ్యాక్స్ క్యాసెట్లను సోనీ 2016 మార్చి దాకా అమ్మింది. గెలిచిన వీహెచ్‌ఎస్ రికార్డర్ల తయారీ కూడా అదే ఏడాది జులైలో ఆగిపోయింది.