గోదావరి నీళ్లలో కలిపిన రంగులు

ఆషాఢం వచ్చిందంటే గౌలిపుర గల్లీల్లో ఇంటికో చిత్రకారిణి తయారవుతుంది. కొత్త కుండకి సున్నం పూసి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, వేపరెమ్మలు చుట్టి బోనం ముస్తాబు చేస్తుంది. ఆ చేతిని ఎవరూ ఆర్టిస్టు చెయ్యి అనరు లెండి, అది వేరే సంగతి! అదే గుమ్మంలో ఆవిడ కూతురు స్కూలుకిచ్చిన వాటర్ కలర్ డబ్బా ముందేసుకుని, స్టీలు గ్లాసులో కుంచె కడుక్కుంటూ కూచుని ఉంటుంది. మీకు తెలిసిన చిత్రకారులెవరమ్మా అని తల్లిని అడిగి చూడండి. రవివర్మ పేరు చెబుతుంది. కాస్త ఆలోచిస్తే బాపు పేరు. కానీ ఆ పిల్ల చేతిలో ఉన్న నీటిరంగులతోనే వందేళ్ల క్రితం తెలుగువాళ్ల పేరు లండన్ దాకా తీసుకెళ్లిన దామెర్ల రామారావు గురించి తెలిసినవాళ్లు తక్కువ.

ఆయన ఊరు గోదావరి ఒడ్డునున్న రాజమండ్రి. పుట్టింది 1897 మార్చి 8న. ఇప్పుడు మనం మహిళా దినోత్సవం జరుపుకునే రోజు! అప్పటికి అలాంటి రోజు ఒకటి ఉంటుందని ఎవరికీ తెలీదు.

చదువు సంగతి పక్కనపెట్టి ఎప్పుడూ బొమ్మలు గీసే పిల్లాడు ఏ ఇంట్లోనైనా తల్లిదండ్రులకు దిగులే. బొమ్మలు కూడు పెడతాయా అన్న ప్రశ్న ఈనాటికీ మన ఇళ్లలో వినిపిస్తూనే ఉంది కదా. రామారావు అదృష్టం ఏమిటంటే, రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీకి ఆ రోజుల్లో ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఇంగ్లీషాయన ప్రిన్సిపాల్‌గా ఉండేవారు. ఆయన స్వయంగా చిత్రకారుడు. గోదావరిని, పల్లెల్ని నీటిరంగుల్లో వేసేవారు. చుట్టూ చేరిన కుర్రాళ్లలో ఎవరి చేతిలో ఏముందో పసిగట్టే గుణం ఆయనది. అడివి బాపిరాజు, కవికొండల వెంకటరావు కూడా ఆ నీడలో ఎదిగినవాళ్లే. ఈ బాపిరాజే తర్వాత 1944లో మన హైదరాబాదు వచ్చి ‘మీజాన్’ తెలుగు పత్రికకి సంపాదకుడయ్యారు.

కూల్డ్రే ఈ కుర్రాళ్లకి అజంతా మీద మోజు పుట్టించారు. అజంతా అప్పట్లో నిజాం రాజ్యంలో ఉండేది. ఆ గుహల గోడల మీద ఒక్క గీతతో భుజం వంపు, ఒక్క గీతతో కంటి కొస. నగలు దిగేసిన రవివర్మ స్త్రీలని చూసి అందమంటే అదేననుకునే కాలం అది. తైలవర్ణాల్లో వేసిన ఆ బొమ్మలు అచ్చులోకి ఎక్కి, పటాలుగా మారి ప్రతి ఇంటి గోడ మీదా వేలాడుతున్నాయి. రామారావు కళ్లకి మాత్రం అజంతా ఇంకో దారి చూపించింది.

1916లో కూల్డ్రే ఆయన్ని బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కి పంపించారు. ఖర్చుకి కూడా చెయ్యి అందించారు. అక్కడ నేర్పేది విలాయతీ పద్ధతి. ఎదురుగా మనిషిని నిలబెట్టి వెలుగునీడలు, ఎముక, కండ లెక్కగా వేయించేవారు. రామారావు దాన్ని శ్రద్ధగా నేర్చుకుని, 1920లో చదువు పూర్తిచేసుకుని బయటికొచ్చారు. గుజరాత్, కాఠియావాడ్ వైపు తిరిగారు. కలకత్తా వెళ్లి అవనీంద్రనాథ్ ఠాగూర్‌ని కలిశారు. ఠాగూర్ గారి శిష్యులు కాగితాన్ని నీళ్లలో ముంచి తీస్తూ, పలచని పొరలు పొరలుగా రంగులు వేసేవారు. బొమ్మంతా మంచులో తేలుతున్నట్టు ఉండేది. రామారావు ఆ పద్ధతిని దగ్గరగా చూశారు కానీ ఆ మంచులో కలిసిపోలేదు. ఆయన గీత స్పష్టంగా ఉంటుంది. మనిషి మనిషిలా నేల మీద నిలబడి ఉంటుంది. బొంబాయి చదువు, కలకత్తా మెత్తదనం, అజంతా గీత... మూడూ కలిస్తే ఆయన బొమ్మ.

నీటిరంగులంటే పిల్లల ఆట అనుకుంటాం. నిజానికి దీనంత మొండి ఘటం ఇంకోటి లేదు. తైలవర్ణంలో తప్పు పడితే ఆరాక దాని మీద మళ్లీ వెయ్యొచ్చు. ఇక్కడ ఆ వెసులుబాటు లేదు. తెల్లరంగు పెట్టి వెలుగు చూపించడానికీ లేదు, కాగితం తెలుపునే వెలుగ్గా వదిలెయ్యాలి. ముగ్గు వేసే మనకి ఇది చప్పున అర్థమవుతుంది. వేసిన గీత ఎంతో, మధ్యలో వదిలిన నేల అంత! రామారావు తైలవర్ణాలు కూడా వేశారు, అవీ మంచివే. కానీ చెయ్యి హాయిగా ఆడింది మాత్రం నీటిరంగుల్లోనే అనిపిస్తుంది.

1922లో కలకత్తా ప్రదర్శనలో ఆయన ‘ఋష్యశృంగ బంధనం’ చిత్రానికి బహుమతి వచ్చింది. కథ మనందరికీ తెలిసిందే. ఆడపిల్ల ముఖమే ఎరగని మునికుమారుణ్ని పడుచులు వచ్చి అడవిలోంచి తీసుకుపోతారు. తూర్పు కనుమల్లో గోదావరిని చూపించిన ఆయన ప్రకృతి చిత్రాన్ని వైస్రాయ్ లార్డ్ రీడింగ్ మెచ్చుకున్నారు. 1924లో లండన్ దగ్గర వెంబ్లీలో జరిగిన సామ్రాజ్య ప్రదర్శనకి కూడా ఆయన బొమ్మలు వెళ్లాయి.

నన్నడిగితే మాత్రం ఈ బహుమతుల బొమ్మలకంటే ‘పుష్పాలంకరణ’, ‘నందిపూజ’ ఇష్టం. ‘సిద్ధార్థ రాగోదయం’లో కొంచెం తియ్యదనం ఎక్కువైందేమో కూడా! ఈ రెండింట్లో మాత్రం మన ఆడవాళ్లున్నారు. జడలో పూలు పెట్టుకోవడం, నంది ముందు పూజ చెయ్యడం... రోజూ మనం చేసే పనులే. వాటిని పెద్ద బొమ్మకి తగిన విషయంగా చూసిన కన్ను అది.

పేరు వచ్చాక బొంబాయిలోనో కలకత్తాలోనో స్థిరపడితే సుఖంగా బతికేవారు. ఆయన రాజమండ్రికే తిరిగొచ్చి, 1923 ప్రాంతంలో చిత్రకళాశాల పెట్టారు. స్నేహితుడు వరదా వెంకటరత్నం తోడు నిలిచారు. ఆ కళ ఇంటి గడప లోపలికీ వచ్చింది. భార్య సత్యవాణి, సోదరి బుచ్చికృష్ణమ్మ ఇద్దరూ కుంచె పట్టారు. ఆడపిల్ల నాలుగక్షరాలు నేర్చుకుంటేనే వింతగా చూసే రోజుల్లో ఒకే ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లు చిత్రకారిణులయ్యారు. ఆయన జీవితంలో నాకు అన్నిటికంటే నచ్చే సంగతి ఇదే.

1925లో మశూచి వచ్చింది. ఆ రోజుల్లో దాన్ని అమ్మవారు అనేవాళ్లు. అమ్మవారు పోసిందంటే వేపమండలు పరిచి, ఆ తల్లికే మొక్కుకుని, కోలుకోవాలని ఎదురుచూడటమే. టీకా ఉన్నా అందరికీ అందేది కాదు, అందినా అందరూ వేయించుకునేవారు కాదు. ఫిబ్రవరి 6న రామారావు చనిపోయారు. ఇరవై ఎనిమిదో ఏడు నిండటానికి ఇంకా నెల రోజులుంది. చదువు ముగించి వచ్చి అయిదేళ్లే. ఆయన్ని తీసుకెళ్లిన ఆ జబ్బు మన దేశంలో చివరిసారి కనిపించింది 1975లో. అంటే ఇంకో యాభై ఏళ్లకి!

ఇంక ఆ బొమ్మల గతి ఏమిటి? కాగితం మీద నీటిరంగు ఎంతకాలం ఉంటుంది? గోదావరి ఒడ్డు చెమ్మ, చెదలు, ఎండ, ఎవరో ఒకరు అడిగి పట్టుకుపోవడం... పోవడానికి వంద దారులు. చిన్న వయసులో భర్తని పోగొట్టుకున్న సత్యవాణి, స్నేహితుణ్ని పోగొట్టుకున్న వెంకటరత్నం. ఆయన పెట్టిన కళాశాలని వెంకటరత్నం ఆగిపోనివ్వలేదు, పిల్లలకి పాఠాలు చెబుతూ వచ్చారు. బొమ్మలు చెల్లాచెదరైపోలేదు. తర్వాత ప్రభుత్వం ఆ బాధ్యత తీసుకుంది. ఇవాళ రాజమండ్రిలో గోదావరి గట్టున దామెర్ల రామారావు పేరుతో చిత్రశాల, పక్కనే చిత్రకళాశాల ఉన్నాయి. వందకు పైగా నీటిరంగుల చిత్రాలు, ముప్పైకి పైగా తైలవర్ణ చిత్రాలు, లెక్కలేనన్ని పెన్సిలు బొమ్మలు, స్కెచ్ పుస్తకాలు అక్కడున్నాయి.

పుష్కరాలకో, పాపికొండల లాంచీ ప్రయాణానికో రాజమండ్రి వెళ్లినప్పుడు ఒక గంట అక్కడ గడపండి. పిల్లలుంటే వాళ్లనీ తీసుకెళ్లండి. రామారావు గారి బొమ్మలు చూశాక వెంటనే బయటికి వచ్చెయ్యకండి. సత్యవాణి, బుచ్చికృష్ణమ్మ వేసిన బొమ్మలు కూడా అక్కడే ఉన్నాయి.