సెల్మా లాగర్‌లోఫ్: పాఠ్యగ్రంథము వ్రాసిన కథకురాలు

స్వీడను దేశపు పశ్చిమభాగమున, నార్వే సరిహద్దును ఆనుకొని వెర్మ్‌లాండ్ అను సీమ కలదు. సరస్సులతోను, అడవులతోను, పాత ఇనుప కొలుములతోను నిండిన ఆ సీమలో, మోర్‌బాకా అను చిన్న జమీందారీ గృహమున 1858 నవంబరు 20వ తేదీన సెల్మా లాగర్‌లోఫ్ జన్మించెను. తండ్రి ఎరిక్ గుస్తాఫ్ సైన్యమున లెఫ్టినెంటుగా పనిచేసినవాడు. ఉత్సవప్రియుడు, అతిథిప్రియుడు, లెక్కలయందు మాత్రము శ్రద్ధ చాలనివాడు. సెల్మాకు మూడేండ్లు దాటగనే కాళ్లు చచ్చుబడెను. పిమ్మట నడక వచ్చినను జీవితాంతము కుంటుతనము విడువలేదు. తోడిబిడ్డలు పరుగులెత్తుచుండగా ఆమె నాయనమ్మ చెంత కూర్చుండి కథలు వినెడిది. ఆమెకు అయిదవ ఏట ఆ వృద్ధురాలు గతించెను. ఇంటినుండి కథలే వెడలిపోయినవని ఆ బాలిక పొందిన దుఃఖము ఎంతటిదనగా, నలువది యేండ్లకు పైగా గడచిన తరువాత 1904లో వెలువరించిన క్రీస్తుకథల సంపుటిని ఆమె ఆ దుఃఖమును తలచుకొనుటతోనే ప్రారంభించెను. ఏడవ ఏట మెయిన్ రీడ్ వ్రాసిన ఆస్సియోలా నవల చేతబడెను. తానును గ్రంథకర్త్రి కావలెనని అప్పుడే నిశ్చయించుకొనెను.

తండ్రికి ఇష్టము లేకున్నను అప్పుచేసి స్టాక్‌హోమునకు పోయి, 1882 మొదలు 1885 వఱకు ఉపాధ్యాయినుల శిక్షణ కళాశాలలో చదివెను. 1885లో తండ్రి మరణించెను. ఆ యేటనే ఆమె దక్షిణమున లాండ్‌స్క్రూనా పట్టణపు బాలికల పాఠశాలలో ఉపాధ్యాయిని అయ్యెను. అప్పులపాలైన మోర్‌బాకా కొలది యేండ్లలోనే పరులకు అమ్ముడువోయెను. ఈ రెండు సంగతులు, అనగా బడిపంతులమ్మ వృత్తియు, పోగొట్టుకొన్న ఇల్లును, ఆమె రచనలను అర్థము చేసికొనుటకు మిక్కిలి ముఖ్యములు. 1890లో ఈడున్ అను పత్రిక పెట్టిన పోటీకి ఆమె ఒక నవలలోని అయిదు ప్రకరణములు పంపి బహుమతి గెలుచుకొనెను. పూర్తి నవల గోస్తా బెర్లింగ్ సాగా మఱుసటి యేట వెలువడెను. స్వదేశపు విమర్శకులు మొదట పెదవి విఱిచిరి. 1893లో డేనిష్ అనువాదమును డెన్మార్కు విమర్శకుడు గేయోర్గ్ బ్రాండిస్ మెచ్చుకొన్న తరువాతనే ఆమె పేరు నిలిచినది. 1895లో ఉద్యోగము మానెను. ఇటలీ, ఈజిప్టు, పాలస్తీనా యాత్రలును, జెరూసలేము నవలయు ఆ తరువాతివి.

ఇచ్చట ప్రధానముగా చెప్పదగినది పాఠ్యగ్రంథ వృత్తాంతము. స్వీడను ప్రాథమిక పాఠశాలలలో 1868 నుండి వాడుకలోనున్న వాచకము పలువురి రచనలను కూర్చినది; బిడ్డలకు అది భారము. 1900లో ఎలెన్ కీ బాలల శతాబ్దము అను గ్రంథమును వెలువరించి, పాఠశాల బిడ్డల ఆత్మను అణచివేయుచున్నదని తీవ్రముగా ఖండించెను. ఆ వాతావరణములో ప్రాథమికోపాధ్యాయుల సంఘము, ఆల్‌ఫ్రెడ్ డాలిన్ అను ప్రధానోపాధ్యాయుని ప్రోద్బలముతో, లాగర్‌లోఫ్‌ను ఆశ్రయించెను. స్వదేశ భూగోళమును బోధించు వాచకము కావలెనని వారి కోరిక. పేరుపొందిన నవలాకర్త్రికి ఇది చిన్నపని యని తోచవచ్చును. కాని విద్యార్థుల కొఱకని పూనుకొన్న గ్రంథమే భాషకు మేలిబంతి యగుట మనకు క్రొత్త గాదు. 1853 నాటి చిన్నయసూరి నీతిచంద్రిక అందులకు సాక్షి.

కొన్ని సంవత్సరములు ఆమె జంతుశాస్త్రము, వృక్షశాస్త్రము, జానపద కథలు చదివెను. 1904లో ఉత్తర సీమలకు స్వయముగా పోయి చూచెను. సామగ్రి పోగయ్యెను గాని దానిని ఒక్కత్రాట కట్టు ఉపాయము దొరకలేదు. కిప్లింగ్ వ్రాసిన జంగిల్ బుక్ ఆమెకు త్రోవ చూపెను. చివరకు నిల్స్ హోల్‌గెర్సన్ అను పదునాలుగేండ్ల సోమరి పిల్లవాడు పుట్టెను. జంతువులను హింసించు ఈ దుడుకువాడు ఇంటిని కాపాడు మఱుగుజ్జు దేవతను వలలో పట్టి, దాని కోపమునకు గుఱియై జానెడంత అయిపోవును; పెంపుడు బాతు మోర్టెన్ వీపునెక్కి, ఆక్కా అను ముసలి నాయకురాలి వెంట అడవిబాతుల గుంపుతో దేశమంతయు చుట్టివచ్చును. మొదటి సంపుటము 1906లోను, రెండవది 1907లోను వెలువడెను. 1906లో ప్రభుత్వము ఆదేశించిన క్రొత్త వర్ణక్రమమును అనుసరించిన తొలి పుస్తకములలో ఇది యొకటి.

భూగోళమును ఆమె చెప్పిన తీరు గమనింపదగినది. ఆకాశమునుండి చూచిన పిల్లవానికి స్కోనే మైదానము గళ్లబట్టవలె కనబడును. ఓలండ్ ద్వీపము సముద్రముపై వ్రాలిన సీతాకోకచిలుక. రాతిసీమ స్మోలండ్ సెయింట్ పీటరు చేతకాని చేతులతో చేసినది. అయినను కేవలము వినోదము కాదు. బాతులను కాచు ఓసా, ఆమె తమ్ముడు మాట్స్ కథలో క్షయరోగము ఒక కుటుంబమును ఎట్లు తుడిచిపెట్టునో కలదు. ఆ బాలుడు ఉత్తరపు ఇనుపగనిలో ప్రేలుడువలన మరణించుటయు కలదు. బిడ్డల పుస్తకమున మృత్యువును దాచిపెట్టకుండుట స్వీడిష్ బాలసాహిత్యమున తరువాత స్థిరపడిన లక్షణము. కథకు ఆయువుపట్టు వేఱొకటి. మోర్టెన్‌ను ఇంటికి కొనివచ్చి తల్లి కత్తికి అప్పగించినచో తిరిగి మనిషి కాగలవని నిల్స్‌కు తెలియును. ఆ బేరమునకు వాడు ఒప్పుకొనడు. తుదకు తల్లి ఆ బాతును కోయబోవుచుండగా వాడు సిగ్గు విడచి అడ్డుపడును, మనిషి యగును. ఆ క్షణమునుండి బాతుల భాష వానికి అర్థము కాదు. నీతిబోధ చేయదలచిన గ్రంథమున ఇంతటి నష్టమును కూడ చేర్చుట సామాన్య పాఠ్యకర్తకు సాధ్యము గాదు.

రెండవ సంపుటమున ఒక ప్రకరణమున రచయిత్రియే ప్రవేశించును. పోగొట్టుకొన్న పుట్టింటిని చూడవచ్చిన స్త్రీ గుడ్లగూబ వాతబడనున్న నిల్స్‌ను రక్షించును. ఆ సంపుటము వెలువడిన 1907లోనే ఆమె మోర్‌బాకా ఇంటిని తిరిగి కొనెను. 1909లో నోబెల్ సాహిత్య బహుమానము లభించెను; దానిని పొందిన మొదటి స్త్రీ ఆమెయే. ఆ ధనముతో భూములును తిరిగివచ్చెను. ఆమె స్వయముగా వ్యవసాయము చేయించి ఓట్ల పిండిని కూడ విక్రయించెను.

పుస్తకమునకు ఆక్షేపణలు లేకపోలేదు. మతము చాలలేదని కొందఱు, శాస్త్రదోషములు కలవని కొందఱు అనిరి. హాలండ్ సీమ నామమాత్రముగా మాత్రమే కనబడుట ఆ సీమవారికి చిరకాలము మనస్తాపమయ్యెను. అయినను ఉపాధ్యాయ సంఘము పూనిక ఫలించెను. ఆ వరుసలోనే హెయిడెన్‌స్టామ్ స్వదేశ చరిత్రను, స్వెన్ హెడిన్ ఖండాంతర యాత్రలను బిడ్డల కొఱకు వ్రాసిరి.

1911లో స్టాక్‌హోమున జరిగిన అంతర్జాతీయ స్త్రీల వోటుహక్కు మహాసభలో ఆమె ప్రసంగించెను. 1914లో స్వీడిష్ అకాడమీలో తొలి మహిళా సభ్యురాలయ్యెను. షోస్ట్రోమ్, స్టిల్లర్ అను దర్శకులు ఆమె నవలలను మూకీ చిత్రములుగా తీసిరి. వానిలో 1924 నాటి గోస్తా బెర్లింగ్ గ్రేటా గార్బోకు ఖ్యాతి తెచ్చినది. 1939లో సోవియట్ సేనలు ఫిన్లండుపై దాడి వెడలగా, ఆ దేశ సహాయనిధికి ఆమె తన నోబెల్ పతకమునే ఇచ్చివేసెను. నాజీల పాలబడనున్న యూదు కవయిత్రి నెల్లీ జాక్స్‌ను స్వీడనునకు రప్పించుటకును ఆమె తోడ్పడెను. కాని జాక్స్ చేరుసరికి ఆమె లేదు. 1940 మార్చి 16వ తేదీన మోర్‌బాకాలోనే కన్నుమూసెను.

నిల్స్ మాత్రము దేశములు దాటెను. 1955లో సోవియట్ దేశమున, 1980లో జపానులో బొమ్మల చిత్రములయ్యెను. పోలిష్ కవి మీవోష్, జపాను నవలాకారుడు ఓయె తమ నోబెల్ ప్రసంగములలో దానిని స్మరించిరి. బాతుపిల్లల స్వభావమును పరిశోధించిన కొన్రాడ్ లోరెంట్జ్ చిన్నతనమున తనకు అడవిబాతులపై వ్యామోహము కలిగించినది ఆ కథయేనని వ్రాసికొనెను. 1991 మొదలు స్వీడను ఇరువది క్రోనార్ల నోటుపై ఒకప్రక్క లాగర్‌లోఫ్, మఱొకప్రక్క బాతునెక్కిన నిల్స్ ఉండిరి. 2015లో ఆ స్థానము ఆస్ట్రిడ్ లిండ్‌గ్రెన్‌కు వచ్చినది. బడిలో చదువు రోజులలో ఆమె వ్యాసములు చూచి విమ్మెర్‌బీ ఊరి సెల్మా లాగర్‌లోఫ్ అని జనులు పరిహసించుచుండగా, ఆ బాలిక ఇక పుస్తకములే వ్రాయరాదని పట్టుబట్టి, చాలకాలము ఆ మాట నిలుపుకొనెను.