బడి మానేసిన కుర్రాడు.. డిక్షనరీకి ఎడిటర్!

1866లో లండన్‌లో ఓ బ్యాంకు గుమాస్తా బ్రిటిష్ మ్యూజియం లైబ్రరీలో ఉద్యోగానికి అప్లికేషన్ పెట్టుకున్నారు. తనకు పరిచయమున్న భాషల్ని అందులో రాశారు. సంస్కృతంతో కలిపి ఇరవైకి పైనే! ఏది బాగా వచ్చు, ఏది కొద్దిగా వచ్చు అన్నదీ విడమరిచి చెప్పారు. (రెజ్యూమెలో జావా, పైథాన్ అని పక్కపక్కనే రాసేసే మనం ఇది గమనించాలి.) ఉద్యోగం మాత్రం రాలేదు. ఆయన పేరు జేమ్స్ మర్రే. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీని నిలబెట్టింది ఆయనే.

1837లో స్కాట్లండ్‌లోని డెన్‌హోమ్ అనే పల్లెలో పుట్టారు. తండ్రి టైలర్. స్తోమత లేక 14 ఏళ్లకే చదువు ఆగింది. మిగతాదంతా సొంతంగా నేర్చుకున్నదే. 17 ఏళ్లకు టీచర్, 20 ఏళ్లకు హెడ్మాస్టర్. తర్వాత పసిబిడ్డ చనిపోయింది, భార్య మంచం పట్టింది. చలి తక్కువ ఉండే చోటుకి తీసుకెళ్లమన్నారు డాక్టర్లు. లండన్ దాకానే వెళ్లగలిగారు. అందుకే ఆ బ్యాంకు ఉద్యోగం. అయినా ఆమె బతకలేదు.

1870లో మళ్లీ టీచర్ అయ్యారు. ఉద్యోగం చేస్తూనే లండన్ యూనివర్సిటీ బీఏ పూర్తిచేశారు, తన ప్రాంతపు యాస మీద పుస్తకం రాశారు. 1879లో ఆక్స్‌ఫర్డ్ ప్రెస్‌తో ఒప్పందం కుదిరింది. పదేళ్లలో డిక్షనరీ ఇచ్చేయాలి. ఐదేళ్లకు చూస్తే పని 'యాంట్' అనే మాట దగ్గరే ఉంది! ప్రాజెక్ట్ డెడ్‌లైన్ల సంగతి అప్పుడూ అంతే.

పనిచేసింది పెరట్లోని ఇనుప రేకుల షెడ్డులో. పాఠకులు పుస్తకాలు చదివి, ఏ మాట ఏ వాక్యంలో వచ్చిందో చిన్న చీటీ మీద రాసి పోస్టులో పంపేవారు. అలా లక్షల చీటీలు. ఇప్పుడు మనం క్రౌడ్‌సోర్సింగ్ అంటున్నది ఇదే కదా.

పొరపాట్లూ జరిగాయి. బానిస పిల్ల అని అర్థమున్న 'బాండ్‌మెయిడ్' చీటీలు ఎక్కడో పడిపోయి, ఆ మాట లేకుండానే 1887లో ఆ భాగం అచ్చయింది. 'అపెండిసైటిస్' డాక్టర్లు మాత్రమే వాడే మాట కదా అని వదిలేశారు. 1902లో ఏడో ఎడ్వర్డ్ రాజుకు అదే జబ్బు చేసి పట్టాభిషేకం వాయిదా పడింది. ఊరంతా అదే మాట, డిక్షనరీలో తప్ప! (ఒత్తి పలకాల్సింది 'సై' దగ్గర.)

ఇక ఉచ్చారణ. అరుదైన మాటలతో చిక్కేమిటంటే వాటిని కంటితో చూస్తాం తప్ప చెవితో వినం. మర్రే మొదటి భార్యకు వచ్చింది క్షయ. దానికి డాక్టర్ల పాత పేరు 'థైసిస్'. స్పెల్లింగ్ పీ, హెచ్, టీ, హెచ్ అంటూ మొదలవుతుంది. చూసి పలకమంటే ఎవరైనా తడబడతారు. టైసిస్ అనేవాళ్లూ ఉన్నారు. పీ అక్షరం మర్రే వాటాకే వచ్చింది కాబట్టి ఆ మాట కూడా ఆయన చేతుల మీదుగానే డిక్షనరీలోకి వెళ్లింది.

ప్రతి మాట పక్కనా పలికే తీరు చూపడానికి ఆయన సొంతంగా గుర్తులు తయారుచేశారు. అయినా పట్టుదలకు పోలేదు. పూలకుండీకి వాడే 'వేజ్' గురించి అడిగితే వాజ్, వేజ్, వేస్.. ఎవరికి నచ్చినట్టు వాళ్లు అనుకోవచ్చని, ఎదుటివాళ్లకు అర్థమైతే చాలని జవాబు రాశారు. ఇంటర్వ్యూకి ముందు యాస గురించి దిగులుపడేవాళ్లకు ఇంతకంటే పెద్ద దిక్కెవరు?

అన్నట్టు, బీ అక్షరంలో మనదీ ఒకటుంది. 'బ్యాండికూట్'. మన పందికొక్కే! ఇక్కడ ఒత్తు 'బ్యా' మీద.

1915లో, టీ అక్షరం పని నడుస్తుండగా మర్రే కన్నుమూశారు. డిక్షనరీ 1928లో పూర్తయింది. మొత్తం 4,14,825 మాటలు. తప్పిపోయిన బాండ్‌మెయిడ్ 1933లో వచ్చిన అనుబంధంలో చేరింది.